ఇందూరు బీడీ ఖాతాలో రాయని పద్దు

పొగాకు నిప్పాణిది, గుజరాత్‌లోని చరోతర్‌ది. ఆకు గోదావరి అవతలి ఆదిలాబాద్ అడవులది. పెట్టుబడి సేట్లది. తాగేవాళ్లు దేశమంతటా ఉన్నారు. ఇందులో ఇందూరు, అదే నిజామాబాద్ జిల్లాది ఏమన్నా ఉందంటే ఆడవాళ్ల వేళ్లు మాత్రమే. ఎక్కడెక్కడి సరుకో వచ్చి మా చాటల్లోనే ఎందుకు కలిసిందన్నది ఈ జిల్లా చరిత్రలో అడగాల్సిన ప్రశ్న. ఆ చాట మీదికి వంగి కూర్చున్న మనిషి ఒంట్లో ఏం జరిగిందన్నది రెండో ప్రశ్న. నేను జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. అంతకుముందు, డిగ్రీ అయ్యేదాకా అవ్వ పక్కన కూర్చుని బీడీలు చేసినదాన్ని. అందుకే నాకు ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడం చేతకాదు.

ముందు ఆకు సంగతి. తునికి చెట్టు లేత ఆకు ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. మడిస్తే విరగదు, ఆరినా ముక్కలు కాదు, నిదానంగా కాలుతుంది. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఎండాకాలంలో అడవి పల్లెలు కళ్లచూసే రొక్కం దాదాపు అదొక్కటే కాబట్టి, కట్టకు ఎంత ఇస్తారన్న దాని మీద పెద్ద కొట్లాటలే జరిగాయి. 1971లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి తునికాకు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాతి దశాబ్దంలో నక్సలైట్లు ఆకు రేటునే తమ మొదటి డిమాండ్లలో ఒకటి చేసుకున్నారు.

ఆ ఆకులో పొగాకు చుట్టి అమ్మడం పెద్ద వ్యాపారమైంది మధ్య భారతంలో. 19వ శతాబ్దం చివర గుజరాత్‌లో కరువు పడితే, బతకవచ్చిన కుటుంబాల్లో కొన్ని జబల్‌పూర్, గోండియా దిక్కున ఈ ఆకును చూశాయి. పొగాకు సంగతి వాళ్లకు ముందే తెలుసు. రైలు రావడంతో సరుకు దూరం పోయింది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో విదేశీ సిగరెట్టుకు బదులు బీడీ తాగడం గౌరవమైంది. ఇదే వ్యాపారం సికింద్రాబాద్ - మన్మాడ్ రైలు పట్టాల వెంట ఇందూరుకూ చేరింది. ఇక్కడ అడవి దగ్గర, స్టేషన్ దగ్గర. అన్నిటికన్నా ముఖ్యంగా, పని లేని చేతులు దొరికాయి. మిల్లు బట్ట వచ్చి మగ్గం కూలబడ్డాక ఆర్మూర్, కామారెడ్డి, భీమ్‌గల్ వైపు, ఇటు మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు పద్మశాలి ఇళ్లలో ఖాళీ అయిన చేతులవి. ఆ తర్వాత కులమన్న తేడా లేకుండా పని ఊరూరికీ పాకింది.

ఉమ్మడి జిల్లాకు ఇంకో ముఖం నిజాంసాగర్. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్టను కట్టించింది నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లు పారిన చోట చెరకు వచ్చింది. చెరకు వెనుక 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. జిల్లా చరిత్ర రాసేవాళ్లు ఆ ఫ్యాక్టరీకి అధ్యాయాలు ఇస్తారు, బీడీకి ఒక పేరా ఇస్తారు. కానీ మా ఇంట్లో ఈ రెండూ ఒకే పొయ్యి మీద ఉడికాయి. బాపు శక్కర్‌నగర్‌లో సీజన్ కార్మికుడు. గానుగ నడిచినన్ని నెలలే ఆయనకు జీతం. మిగతా నెలలు అవ్వ చాట మమ్మల్ని సాకింది. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ లేఆఫ్ ప్రకటించి మూతపడినప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆ ఇళ్లలో బీడీ పని మాత్రం ఆగలేదు. ఎవరూ దాని గురించి రాయలేదు.

పని ఎట్లుంటదో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పాలి. రాత్రి ఆకును నీళ్లు చల్లి తడి గోనెలో చుట్టి పెట్టాలి. తెల్లారి రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో ఒక్కో ఆకును కత్తిరించాలి. కాళ్లు చాపి కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు పోసి, వేళ్లతో తిప్పి, మూతి మడిచి, నడుముకు దారం చుట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. కూలి లెక్క మాత్రం వెయ్యికి. పొద్దుగూకే వేళకు కట్టలన్నీ గంపలో పెట్టుకుని కంపెనీకి పోతే, టేకేదారు చూసి పనికిరానివి పక్కకు తీసి, మిగిలిన లెక్క పుస్తకంలో రాసుకుంటాడు. పక్కకు తీసినవాటికి కూలి లేదు. మా వాడకట్టులో పిల్లను చూడవచ్చినవాళ్లు అడిగే మొదటి మాట, ‘‘రోజుకు ఎన్ని చేస్తది?’’ అని. మొగుడు దుబాయి పోయిన ఇంట్లో మొదటి పైసలు వచ్చేదాకా అప్పుకు ఆసరా ఆ వేళ్లే.

బీడీకి పట్టే పొగాకు పావు గ్రాము కన్నా తక్కువ. వెయ్యికి 200 గ్రాములు అనుకోండి. ఒక మనిషి రోజుకు వెయ్యి చొప్పున ఏడాదికి 250 రోజులు, 30 ఏళ్లు చేస్తే 75 లక్షల బీడీలు. అంటే 15 క్వింటాళ్ల పొగాకు ఆమె వేళ్ల సందుల్లోంచి, ముక్కుకు జానెడు దూరంలోంచి పోయినట్టు. మా అవ్వ జీవితంలో బీడీ నోట్లో పెట్టలేదు. కొత్త తంబాకు బస్తా విప్పిన రోజు మాత్రం తల తిరుగుతుందనేది, వాంతి వస్తుందనేది. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని నాకు ఎమ్మెస్సీలో తెలిసింది. ఆమెకు అదంతా పనిలో భాగం. ‘‘మొదట్ల అందరికి అట్లనే ఉంటది బిడ్డా, అలవాటైతది’’ అనేది.

చట్టం ఈ పొగాకు ధూళిని చూడలేదా? చూసింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానాలో గాలి ఆడాలంది, శుభ్రత ఉండాలంది, పిల్లలతో పని చేయించొద్దంది. దాన్ని సవాలు చేస్తూ యజమానులు కోర్టుకెక్కితే, 1974లో సుప్రీంకోర్టు మంగళూరు గణేశ్ బీడీ కేసులో చట్టం చెల్లుతుందని చెప్పింది. ఇంట్లో చుట్టేవాళ్లు కూడా కార్మికులేనంది. 1976లో సంక్షేమ నిధి, 1977లో ప్రావిడెంట్ ఫండ్ వచ్చాయి. ఇవి చిన్న విజయాలు కావు. వీటి కోసం యూనియన్లు ఏళ్ల తరబడి కొట్లాడాయి. కానీ కార్ఖానాకు నియమాలు బిగిసేకొద్దీ పని కార్ఖానా వదిలి ఇంటి అరుగు మీదికి వచ్చింది. ఇంట్లో గాలి ఆడుతోందా అని చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. కూలీ, పీఎఫ్ ఆమె పేరు మీద పుస్తకమెక్కాయి. ధూళి ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఎక్కకపోవడానికి ఒక్క నిర్లక్ష్యమే కారణం కాదు. పొగాకు చేసే చెడు కంటికి కనబడటానికి దశాబ్దాలు పడుతుంది. పని వల్ల కేన్సర్ వస్తుందన్న సంగతి మాత్రం పాతదే. లండన్ చిమ్నీలు ఊడ్చే పిల్లలకు పెద్దయ్యాక వచ్చే కేన్సర్‌కు మసే కారణమని పెర్సివాల్ పాట్ 1775లోనే రాశాడు. పొగాకు తాగేవాళ్ల విషయంలోనైతే చెడు కొంత ముందుగానే కనబడింది. మన దేశంలో టాటా మెమోరియల్‌కు చెందిన సంఘ్వీ, ఖనోల్కర్ బృందం పొగ తాగడానికీ పొగాకు నమలడానికీ నోటి, గొంతు కేన్సర్లతో ఉన్న సంబంధాన్ని 1955లో చూపింది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే కేన్సర్ గురించి 1957లో వైద్యులు రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం అక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూసింది. అంగిట్లో మచ్చ కనబడుతుంది, టార్చిలైటు చాలు. బీడీ చుట్టే మనిషికి అట్లాంటి మచ్చ ఉండదు. దగ్గు, నడుం నొప్పి, కళ్లు మసకలు అంటారు. అవి ఏ పని చేసినవాళ్లకైనా వస్తాయని కొట్టిపారేయడం తేలిక.

ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో చూడటానికి కణం లోపలికి పోవాల్సి వచ్చింది. పొగాకులో, దాని పొగలో ఉన్న కొన్ని రసాయనాలు మన డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. కాలినప్పుడు పుట్టే బెంజోపైరీన్ ఒకటి. కాలకముందే, ఆకును మాగబెట్టి ఆరబెట్టేటప్పుడే పుట్టే నైట్రోసమీన్లు ఇంకొన్ని. బెంజోపైరీన్ తాగేవాడి వాటా. నైట్రోసమీన్లు ధూళిలోనూ ఉంటాయి కాబట్టి చుట్టేవాళ్లకూ వాటా ఉంది. అతుక్కున్న చోట కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏ అక్షరం తప్పు పడొచ్చు. ఆ తప్పు కణాన్ని అదుపులో పెట్టే జన్యువులో పడితే, కేన్సర్‌కు దారి పడుతుంది. అట్లాంటి జన్యువుల్లో పేరుమోసింది పీ53. ఊపిరితిత్తుల కేన్సర్‌లో ఆ జన్యువు ఎక్కడెక్కడ చెడి కనబడుతుందో, సరిగ్గా ఆ చోట్లనే బెంజోపైరీన్ ఉత్పన్నం ఎక్కువగా అతుక్కుంటుందని 1996లో డెనిసెంకో, ఫైఫర్ బృందం చూపింది. అప్పటిదాకా గణాంకాల్లోనే ఉన్న నేరానికి వేలిముద్ర దొరికిన రోజు అది. 2016లో ఇంకో బృందం లెక్కగట్టింది: రోజుకొక సిగరెట్ పెట్టె చొప్పున ఏడాది తాగితే ఊపిరితిత్తిలోని ఒక్కో కణంలో సగటున 150 మార్పులు, స్వరపేటికలో 97, నోట్లో 23. సిగరెట్ల మీద చేసిన లెక్క అది. బీడీ ఆకుకు గాలి ఆడదు. ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అందువల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ తాగేవాడిలోకి ఎక్కువే పోతాయి.

ఇంత దెబ్బ తగులుతూ కూడా తాగినవాళ్లందరికీ కేన్సర్ ఎందుకు రాదు? మా ఇంట్లో ఇది పుస్తకంలోని ప్రశ్న కాదు. బాపూ పెద్దబాపూ ఒకే కట్టలోని బీడీలు తాగారు. బాపు గొంతు బొంగురుపోయి, అన్నం దిగక, హైదరాబాద్‌లో 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రికి తిరిగీ తిరిగీ పోయాడు. ఎక్కువ రోజులు బతకలేదు. పెద్దబాపు ఎనభై దాటేదాకా పొద్దున లేస్తూనే బీడీ వెలిగించాడు. ఊళ్లో ఎవరు పొగ గురించి మాట్లాడినా ఆయన్నే సాక్షిగా చూపేవాళ్లు. ఆయనేమో, ‘‘బీడీతోని గాదు, వాని కర్మ’’ అనేవాడు.

కర్మ అన్న చోట జీవశాస్త్రం దగ్గర చెప్పడానికి కొంత ఉంది, మొత్తం లేదు. మన కణాల్లో రాత్రింబగళ్లు మరమ్మతు నడుస్తూ ఉంటుంది. మగ్గం మీద పోగు తెగితే నేసేవాడు అక్కడే ఆగి ముడివేసి మళ్లీ నేసినట్టు, డీఎన్‌ఏ తెగిన చోట, అంటిన చోట ప్రొటీన్లు ఆగి సరిచేస్తాయి. బెంజోపైరీన్ లాంటి పెద్ద మచ్చ ఉంటే దాని అటూఇటూ కలిపి ముప్పై దాకా అక్షరాలను కత్తిరించి తీసి, కొత్తవి రాస్తాయి. చిన్న దెబ్బకు ఒక్క అక్షరాన్నే మార్చే బృందం వేరే ఉంది. నైట్రోసమీన్లు అంటించే ఒక రకం మచ్చను ఎమ్‌జీఎమ్‌టీ అనే ప్రొటీన్ నేరుగా పీకేస్తుంది. అయితే ఒక్కో అణువు ఒక్కసారే పని చేసి ఖతమవుతుంది. మచ్చలు దానికన్నా వేగంగా పడితే కొన్ని మిగిలిపోతాయి. ఇట్లాంటి మరమ్మతు మార్గాలను విప్పి చెప్పినందుకు తోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ కల్లూరి సుబ్బారావు ముసలితనంలో మెదడు కణాల మరమ్మతు ఎట్లా సన్నగిల్లుతుందో ఏళ్ల తరబడి చూశారు.

ఈ శక్తి అందరికీ ఒక్క తీరుగా ఉండదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో చింగ్‌యీ వే, మార్గరెట్ స్పిట్జ్ ఒక పరీక్ష వాడారు. పొగాకు రసాయనంతో దెబ్బతీసిన జన్యువును మనిషి రక్తకణాల్లోకి పంపి, అవి దాన్ని ఎంతవరకు బాగుచేయగలవో కొలిచారు. ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చినవాళ్లలో మరమ్మతు శక్తి సగటున తక్కువగా తేలింది. తల, మెడ కేన్సర్ల రోగుల్లోనూ 1998లో అదే తేలింది. అయినా సగటు సగటే. రోగుల అంకెలు, ఆరోగ్యవంతుల అంకెలు చాలాదూరం ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ఫలానా మనిషిని పరీక్షించి ‘నువ్వు తాగొచ్చు, నువ్వు తాగొద్దు’ అని చెప్పే పరీక్ష కాదది. పెద్దబాపుకు మరమ్మతు శక్తి ఎక్కువ ఉండొచ్చు, అదృష్టమూ ఉండొచ్చు. ఆయన బతుకు బీడీ నిర్దోషి అనడానికి సాక్ష్యం మాత్రం కాదు.

ఇక చాట ముందు కూర్చున్నవాళ్లు. ముంబై కేన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రజనీ భిసే బృందం 1990లలో బీడీ పరిశ్రమ కార్మికులను పరీక్షించింది. పొగాకు తాగని, నమలని మనుషుల మూత్రంలో కూడా నికోటిన్ ఆనవాలు దొరికింది. ధూళిలో పనిచేసేవాళ్ల రక్తకణాల్లో విరిగిన క్రోమోజోములు మామూలువాళ్లకన్నా ఎక్కువ కనబడ్డాయి. 2003లో హైదరాబాద్ నుంచే, ఉస్మానియా జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పొగాకు ధూళి తగిలే కార్మికుల మీద ఇట్లాంటి ఫలితాన్నే ప్రకటించారు. ఈ దెబ్బను చూడటానికి బుగ్గ లోపలి పొరను చిన్న పుల్లతో గీకి అద్దం మీద పరిచి రంగు వేస్తే చాలు. విరిగి బయటపడ్డ క్రోమోజోమ్ ముక్కలు కేంద్రకం పక్కన చిన్న చుక్కలుగా కనబడతాయి. నేను పిల్లలకు ల్యాబులో బుగ్గ కణాలు చూపించిన ప్రాక్టికల్‌కు అదే పుల్ల, అదే అద్దం. ఆ ప్రాక్టికల్ చేసిన పిల్లల్లో సగం మంది తల్లుల ఒళ్లో చాట ఉండేది.

విరిగిన క్రోమోజోమ్ అంటే కేన్సర్ కాదు. తాగేవాళ్ల మీద ఉన్నంత గట్టి సాక్ష్యం చుట్టేవాళ్ల మీద లేదు, ఆ తేడాను దాచకూడదు. కానీ ఈ పరీక్షలు పని చరిత్రలో ఒక కొత్త సంగతి తెచ్చాయి. రోగం రాకముందే, మనిషి బతికి పని చేస్తుండగానే, ఆ పని ఒంట్లో రాస్తున్న రాతను చదవొచ్చు. అవ్వ తరానికి ఆ వీలు లేదు. ‘అలవాటైతది’ అన్న మాటను కాదనడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు.

ఆ కాగితం వచ్చాక కూడా మా జిల్లాలో గొడవ వేరే గుర్తు మీద జరిగింది. 2006లో కేంద్రం ప్రకటించిన హెచ్చరిక బొమ్మల నిబంధనల్లో పుర్రె, ఎముకల గుర్తు ఉంది. కట్ట మీద పుర్రె పడితే బీడీ అమ్ముడుపోదు, మా కూలి పోతుందని తెలంగాణ అంతటా ఆడవాళ్లు రోడ్డెక్కారు. 2007 సవరణతో పుర్రె తప్పనిసరి కాకుండా పోయింది. బొమ్మల హెచ్చరికలు 2009లో వచ్చాయి, 2016 నాటికి కట్ట మీద 85 శాతం ఆక్రమించాయి. పట్నం మేధావులు కొందరు మావాళ్లను చూసి తెలివిలేనితనం అన్నారు. నేను అనలేను. తాగేవాడి ప్రాణం కోసం వేసిన బొమ్మ చుట్టేదాని కూలి మీద పడుతుంటే, ఆమె చేతికి ఇంకో పని చూపించనివాళ్లు ఆమెను పక్కకు తప్పుకొమ్మనలేరు. ప్రాణహాని అని రాసిన ఆ కట్ట మీద కూడా, దాన్ని కట్టిన మనిషి గురించి ఒక్క మాట లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలైంది. 2019లో అది 2,016 అయింది. అది నిజంగా ఆసరానే. అదే కాలంలో, 2017 జూలైలో జీఎస్టీ రావడంతో సంక్షేమ నిధిని నింపే సెస్సు రద్దయింది. ఆసుపత్రికీ పిల్లల స్కాలర్‌షిప్పుకూ ప్రత్యేకంగా కేటాయించిన పైసా కేంద్ర బడ్జెట్ దయ మీదికి పోయింది. కూలి, పీఎఫ్, భృతి అన్నీ పోయిన సంపాదనకు మరమ్మతులు. ధూళికి మాత్రం ఇప్పటిదాకా మరమ్మతు మొదలుకాలేదు.

మొదలుపెట్టడానికి కావాల్సింది మా జిల్లాలోనే ఉంది. విషానికి ఎదురైన పనివాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లను ఎప్పుడూ ఒక్కటే వేధిస్తుంది: ఎవరికి ఎన్నేళ్లు, ఎంత తగిలింది? చాలా పనుల్లో దీనికి మనిషి జ్ఞాపకమే దిక్కు. బీడీలో అట్లా కాదు. ఎవరు ఏ రోజు ఎన్ని చేశారో టేకేదారు రాసుకున్నాడు, కంపెనీ కూలి చీటీలో ఎక్కించింది, 1977 నుంచి పీఎఫ్ లెక్క దాన్ని మోసుకొస్తోంది. కూలి కోసం రాసుకున్న అంకెలే ఒక్కో ఆడమనిషికి తగిలిన పొగాకు మోతాదు పట్టిక. వాటిని ఒక పక్కన పెట్టి, ఇంకో పక్క బుగ్గ పుల్ల పరీక్ష పెట్టండి. జిల్లాలో మెడికల్ కాలేజీ ఉంది, తెలంగాణ యూనివర్సిటీ ఉంది, పరీక్ష ఖర్చు పెద్దది కాదు. ఎన్ని బీడీలు దాటాక దెబ్బ పెరుగుతుందో, మానేసిన ఎన్నాళ్లకు తగ్గుతుందో తెలుస్తుంది. గాలి ఆడే షెడ్డు, మూతికి గుడ్డ, తడి తంబాకు వల్ల తేడా ఉందో లేదో తెలుస్తుంది. అప్పుడు వయసు, పీఎఫ్ నంబరు అని కాకుండా తగిలిన మోతాదు చూసి వైద్యం, పింఛను, ఇంకో పని అడగొచ్చు. కంపెనీలు ఒక్కొక్కటే కంప్యూటర్లకు మారుతున్నాయి, పాత చిట్టాలు తూకానికి పోతున్నాయి. కార్మిక శాఖ ఒక్క ఉత్తర్వు ఇచ్చి వాటిని ఆపితే చాలు. ఇందూరు ఆడవాళ్లు తరతరాలుగా చేసిన పనికి రావాల్సిన బాకీ ఎంతో ఆ చిట్టాల నుంచే లెక్క కట్టాలి.